ఐదో ఫైట్ దగ్గర ఆగిపోయిన బ్రౌన్ బెల్ట్: ఒక షోదాన్ పరీక్ష కేస్ స్టడీ

క్యోకుషిన్ కరాటేలో షోదాన్, అంటే మొదటి బ్లాక్ బెల్ట్, పరీక్ష ఒకసారి తప్పి రెండోసారి నెగ్గిన అభ్యర్థి కేసు ఇది. వయసు 44. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. కరాటే మొదలుపెట్టిందే ముప్పై దాటాక. కుడి మోకాలి చిప్ప కింద పాత నొప్పి ఉంది. మొదటిసారి వేరే డోజోలో (కరాటే శిక్షణశాలలో) తయారై పరీక్షకు వెళ్లారు. పది ఫైట్లలో ఐదోది నడుస్తుండగా గార్డ్ (కాపుగా ఎత్తిపట్టే చేతులు) పూర్తిగా కిందికి జారిపోయింది, ఎగ్జామినర్లు ఆపేశారు. రిపోర్టులో రాసింది ఒక్కటే ముక్క: స్టామినా చాలదు.

ఆ ముక్క పట్టుకుని ఆయన ఏడాదిపాటు పరుగు మీద పడ్డారు. నా దగ్గరికి వచ్చేనాటికి పది కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా పరుగెత్తగలరు. అయినా డోజోలో వరుసగా మనిషి తర్వాత మనిషిని నిలబెడితే సరిగ్గా పాత చోటే కూలబడుతున్నారు. ఈ కేసు రాయడానికి కారణం అదే. పరీక్ష తప్పినవాళ్లందరికీ ‘స్టామినా పెంచుకో’ అని చెప్పి పంపడం మన శిక్షకుల్లో చాలామందికి అలవాటు. స్టామినా అని మనం ముద్దగా చెప్పేదాంట్లో రెండు మూడు వేర్వేరు లోపాలు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీసి చూడకుండా చేయించే సాధన ఎంత కఠినమైనదైనా అభ్యర్థిని మళ్లీ అదే చోటికి తీసుకెళుతుంది.

పరీక్ష స్వరూపం

క్యోకుషిన్ స్థాపకుడు ఒయామా మసుతత్సు 1964లో టోక్యోలో క్యోకుషిన్ కేంద్ర డోజోను తెరిచారు. 1994లో ఆయన పోయాక సంస్థ చాలా శాఖలుగా చీలింది. అందుకే షోదాన్ సిలబస్ ఇప్పుడు శాఖకో తీరుగా ఉంటుంది. మేం పాటించే క్రమం ఇది: ముందు నిలబడి చేసే కిహోన్ (ప్రాథమిక దెబ్బలు, అడ్డుకునే కదలికలు), తర్వాత కదులుతూ చేసే ఇదో గేకో, ఆపైన సాంచిన్, టెన్షో, సైఫా వంటి కటాలు (ముందే కూర్చిన కదలికల వరసలు), ఆ వెంటనే పుషప్స్, సిటప్స్, స్క్వాట్స్. ఇవన్నీ అయ్యాకే కుమితే, అంటే ఎదురెదురు పోరాటం. మొత్తం పదిమంది, ఒక్కొక్కరితో ఒకటిన్నర నిమిషం. ఎదురు నిలిచేవాడు ప్రతిసారీ కొత్తవాడు, అలసట లేనివాడు. ముఖం మీద పిడికిలితో కొట్టకూడదు, తలకు కిక్ మాత్రం చెల్లుతుంది. ఛాతీ, పొట్ట, తొడల మీద పూర్తి బలంతో కొట్టొచ్చు. చేతులకు గ్లవ్స్ ఉండవు.

పది ఫైట్లూ కలిపితే పదిహేను నిమిషాలే. గంటకు పైగా పరుగెత్తే మనిషికి పదిహేను నిమిషాలు ఎందుకు సరిపోవడం లేదన్నది నేను ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న.

ఎక్కడ ఖర్చవుతోంది?

తేల్చుకోవడానికి ఒకే పరీక్షను మూడు రకాలుగా పెట్టాను. మధ్యలో వారమేసి విరామం. మొదటిసారి కిహోన్, కటా ఏమీ లేకుండా, వార్మప్ అయ్యాక నేరుగా పది ఫైట్లు. రెండోసారి కిహోన్ నుంచి స్క్వాట్స్ వరకు మొత్తం చేయించి, గంట విశ్రాంతి ఇచ్చి, అప్పుడు ఫైట్లు. మూడోసారి అసలు పరీక్ష క్రమంలోనే, విశ్రాంతి లేకుండా. మూడుసార్లూ ఛాతీకి హార్ట్ రేట్ బెల్ట్ కట్టుకోమన్నాను, ఒక పక్క నుంచి వీడియో తీయించాను.

మొదటిసారి పదీ పూర్తిచేశారు. చివరి మూడూ అందంగా ఏం లేవు, కానీ గార్డ్ పడిపోలేదు. రెండోసారి ఎనిమిదో ఫైట్ దాకా వెళ్లారు. మూడోసారి ఐదో దాంట్లో ఆగిపోయారు. అంటే ఆయనకు పది ఫైట్లు చేసే శక్తి ముందునుంచీ ఉంది. కుమితే మొదలయ్యేలోపే అది ఎక్కడో కరిగిపోతోంది. ‘స్టామినా చాలదు’ అని రాసిన ఎగ్జామినర్ కంటికి కనిపించింది ఐదో ఫైట్. జబ్బు మాత్రం దానికి గంట ముందే, కిహోన్‌లో మొదలైంది.

హార్ట్ రేట్ చూస్తే అది ఇంకా స్పష్టంగా తెలిసింది. 208 నుంచి వయసులో 0.7 వంతు తీసేసే లెక్క ప్రకారం ఆయన గరిష్ఠ హార్ట్ రేట్ సుమారు 177. ఇది అంచనా మాత్రమే, మనిషిని బట్టి పది అటూఇటూ అవుతుంది. నిలబడి పంచ్‌లు వేసే దశలోనే ఆయన గుండె 150 దాటుతోంది. పక్కనే అదే కిహోన్ చేస్తున్న, ఇంచుమించు అదే వయసు సీనియర్ 120 దగ్గర తిరుగుతున్నారు. ఇద్దరూ కొట్టేది ఒకే పంచ్, ఒకే లెక్కకు.

వీడియో నెమ్మదిగా నడిపి చూస్తే కారణం బయటపడింది. ‘ఇచి’ (ఒకటి) అనగానే ఆయన భుజాలు చెవుల దాకా లేస్తాయి. పంచ్ మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా, ముగిశాక కూడా, ఒళ్లంతా బిగుసుకునే ఉంటుంది. ఊపిరి బిగపట్టి నాలుగైదు లెక్కలకోసారి గబుక్కున వదులుతున్నారు. కియాయ్ (దెబ్బతోపాటు వేసే కేక) మాత్రం గట్టిగానే వస్తోంది కాబట్టి ఊపిరి ఆడుతున్నట్టే వినిపిస్తుంది. సాంచిన్‌లో ఇది ఇంకా ఎక్కువ. ఇబుకి శ్వాసలో (ఒళ్లు బిగించి బలంగా వదిలే శ్వాసలో) బిగింపు ఉండాలి నిజమే, కానీ గాలి ఆగకుండా బయటికి పోతుండాలి. ఆయన గొంతు దగ్గర మూసేసి నెడుతున్నారు. అలా చేసినప్పుడల్లా రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, కటా ముగిసేసరికి తల దిమ్మెక్కుతుంది.

రెండో లోపం కాళ్లలో. ముందరి మోకాలు వంచి నిలబడే జెన్‌కుత్సు దాచిలో ఆయన అవసరానికి మించి కిందికి దిగుతున్నారు. ఇదో గేకోలో ఒక్కో వరుసకు ఒక్కో అడుగూ అంత లోతు నుంచే లేవాలి. దాని వెంటనే స్క్వాట్స్. కుమితేకు వచ్చేసరికి తొడలు ఖాళీ. తొడలు ఖాళీ అయితే ముందు పోయేది పక్కకు జరగడం. జరగలేని మనిషికి ప్రతి లో కిక్కూ (కిందిగా కాళ్ల మీదికి వచ్చే కిక్) తగులుతుంది, ఆ కిక్కులు పడేదీ అలసిపోయిన ఆ తొడ మీదే. మూడో ఫైట్ నుంచి ఆయన ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ మాత్రమే కదిలారు. వీడియోలో దాన్ని చూపించినప్పుడు చాలాసేపు ఆయనేం మాట్లాడలేదు. తర్వాత, “మాస్టర్, నేను భయంతో వెనక్కి వెళ్తున్నానని అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ” అన్నారు. ఆ అపోహ తొలగడమే ఆయనకు సగం బలం ఇచ్చింది.

మూడోది వేగం. మొదటి ఫైట్‌లో తొంభై సెకన్లూ ఆపకుండా కొట్టారు. నెల మొదటి వారంలోనే జీతమంతా ఖర్చుపెట్టిన ఇంటి లెక్క అది. పూర్తి బలంతో చేసే దెబ్బల వరసకు కండరం వాడుకునేది ప్రధానంగా తనలో నిల్వ ఉన్న ఫాస్ఫోక్రియాటిన్‌ను. అది పది సెకన్ల తీవ్ర శ్రమకు మించి రాదు. తగ్గినదాంట్లో సగం తిరిగి చేరడానికి సుమారు ముప్పై సెకన్లు, దాదాపు పూర్తిగా నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. పరీక్షలో ఒక ప్రత్యర్థి వెళ్లి ఇంకొకరు వచ్చే మధ్య దొరికేది ఇరవై సెకన్లు, ఒక్కోసారి అంతకూడా ఉండదు. కాబట్టి విశ్రాంతిని ఫైట్ లోపలే సంపాదించుకోవాలి. ఒక వరస కొట్టడం, దూరం తీసుకోవడం, గార్డ్‌లో తిరగడం, మళ్లీ ఒక వరస. పరుగు సాధన ఆయనకిచ్చిన గుండె బలం అక్కరకొచ్చేది ఆ మధ్యలోనే, ఎందుకంటే తరిగిన నిల్వను నింపేది ఆక్సిజనే. ఆయన ఆ మధ్య అనేదే లేకుండా కొట్టుకుంటూపోయారు. ఏడాది పరుగు వృథా కాలేదు, వాడుకునే సందు దొరకలేదు.

ఒకే మనిషి వరసగా వందమందితో తలపడే ‘వందమంది కుమితే’ గురించి విన్నవాళ్లకు ఇది కొత్తగా అనిపించనక్కర్లేదు. 1965లో స్టీవ్ ఆర్నీల్, 1986లో మత్సుయ్ షోకెయ్ దాన్ని పూర్తిచేశారు. ఒకటిన్నర నిమిషం చొప్పున లెక్కేసినా రెండున్నర గంటల పోరాటం. ఎంత మహా యోధుడైనా రెండున్నర గంటలు ఒకే వేగంతో కొట్టలేడు. పదిమందితో చేసేవాడికీ ఆ లెక్కే వర్తిస్తుంది, చిన్న ఎత్తున.

కిహోన్‌ను తేలిక చేయడం

పరీక్షకు పన్నెండు వారాలు ఉన్నాయి. మొదటి నాలుగు వారాలు స్పారింగ్ (సాధన ఫైట్లు) దాదాపు ఆపేశాను. ఆయనకు నచ్చలేదు. తప్పింది ఫైట్‌లో కాబట్టి ఫైట్లే చేయాలన్నది ఆయన వాదన. నేను మూడు వీడియోలనూ పక్కపక్కన పెట్టి చూపించాక ఒప్పుకున్నారు.

పంచ్‌ను మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నట్టు చేయించాను. చెయ్యి నడుము నుంచి బయలుదేరేటప్పుడు వదులుగా ఉండాలి, తగిలే క్షణంలో మాత్రమే పిడికిలి, పొట్ట, తుంటి కలిసి బిగుసుకోవాలి, మరుక్షణం వదిలేయాలి. కిమె అంటే మనం నేర్పేది ఇదే కదా, కానీ పరీక్ష అనగానే అభ్యర్థులు బిగింపును బలం అనుకుంటారు. ప్రతి దెబ్బకూ ముక్కుతో గాలి పీల్చి, పెదవుల మధ్య నుంచి ‘ష్’ అని వదలమన్నాను. నేను గది అవతలి నుంచి ఆ చప్పుడు వింటూ లెక్క పెట్టేవాణ్ని. చప్పుడు వినపడకపోతే లెక్క ముందుకు వెళ్లదు. ఈ ఒక్క పనికి రోజూ పావుగంట ఇచ్చాం. హార్ట్ రేట్ బెల్ట్ పెట్టుకునే చేశారు, గుండె 130 దాటితే ఆగి, అది తగ్గాక మళ్లీ మొదలు. మూడో వారం చివరికి మొత్తం కిహోన్‌ను 125 దగ్గర ముగించగలిగారు. పంచ్‌లో పదును తగ్గిందా అంటే పెరిగింది. గీ (కరాటే దుస్తులు) చేతి అంచు చప్పుడులోనే తేడా తెలిసింది.

ఇలా చేయిస్తే ఎగ్జామినర్లను మోసం చేసినట్టు కాదా అని ఒక జూనియర్ శిక్షకుడు అడిగాడు. కాదు. ఎగ్జామినర్ చూసేది దెబ్బ ముగిసే స్థితిని, తుంటి తిరుగుడును, ముఖంలో ఏకాగ్రతను. దెబ్బకూ దెబ్బకూ మధ్య భుజం బిగుసుకుని ఉండటానికి మార్కులు లేవు. పైపెచ్చు అది తప్పు కిందికే వస్తుంది.

నిలబడే లోతును కూడా సరిచేశాం. ముందరి మోకాలు కాలి బొటనవేలి మీదికి వచ్చేంత వంపు చాలు. మోకాలు లోపలికి ఒరగకూడదు. ఇది పరీక్ష కోసమే కాదు, ఆ పాత నొప్పి కోసం కూడా. డాక్టర్‌కు చూపిస్తే చిప్ప కింది స్నాయువు అరుగుదల అన్నారు, వ్యాయామం మానక్కర్లేదన్నారు. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు వంచి కదలకుండా కూర్చునే వ్యాయామం 45 సెకన్ల చొప్పున ఐదుసార్లు, మధ్య రెండు నిమిషాల విరామంతో, వారంలో నాలుగు రోజులు పెట్టాం. నొప్పిని పదికి ఎంత అని రోజూ రాసుకునేవారు. మూడు వరకు సరే, నాలుగైతే ఆ రోజు కాళ్ల పని ఆపేయాలి. మర్నాడు పొద్దున్న నొప్పి ముందు రోజు కంటే ఎక్కువుంటే కాళ్ల మీద వేసే భారం తగ్గించాలి. పరుగును సగానికి తగ్గించి, మిగతా సగం సైకిల్ మీదికి మార్చాం. మాటలు ఆడుకుంటూ తొక్కగలిగే వేగంతో నలభై, నలభై ఐదు నిమిషాలు.

ఫైట్‌కో పని

ఐదో వారం నుంచి స్పారింగ్ తిరిగి మొదలైంది. ఇక్కడ నేను పెట్టుకున్న నియమం ఒకటే, ఏ ఫైట్‌లోనూ ‘గెలవమని’ చెప్పకూడదు. ప్రతి ఫైట్‌కూ ముందే ఒక పని అప్పగించేవాణ్ని. మొదటిది: తొంభై సెకన్లలో ఆరు వరసలకు మించి కొట్టొద్దు, మిగతా సమయమంతా కాళ్లతో తిరగండి. రెండోది: వచ్చే ప్రతి లో కిక్‌కూ షిన్ (మోకాలి కింది ముందు ఎముక) పైకెత్తి ఆపండి, మీరు కిక్ కొట్టొద్దు. మూడోది: దగ్గరికి వెళ్లి పొట్ట మీద పంచ్‌లు, మూడు కొట్టగానే పక్కకు. ఇలా పనులు మార్చుకుంటూ వెళ్లేసరికి ఆయనలో ఉండే తొందర తగ్గింది. చేతిలో ఒక పని ఉన్న మనిషికి ఎదుటివాడి బలం గురించి బెంగపడే తీరిక ఉండదు.

ఫైట్‌కూ ఫైట్‌కూ మధ్య ఇరవై సెకన్లే. ఆ ఇరవై సెకన్లను కూడా సాధన చేయించాను. వంగి మోకాళ్లు పట్టుకోకుండా నిలబడటం, పీల్చిన దానికంటే రెండింతలు పొడవుగా గాలి వదలడం, భుజాలు దింపడం, ఎదురుగా వచ్చే మనిషి ఏ కాలు ముందు పెట్టాడో చూడటం. అంతే. గీ సర్దుకోవడం, బెల్ట్ బిగించుకోవడం లాంటివి ఎగ్జామినర్ చెబితేనే.

పూర్తి బలంతో కొట్టుకునే రోజు వారానికి ఒక్కటే. మిగతా రోజుల్లో షిన్ గార్డులు, గ్లవ్స్, బలంలో సగం. డోజోల్లో దీని మీద వాదన ఎప్పుడూ ఉంటుంది. దెబ్బలకు ఒళ్లు గట్టిపడాలంటే రోజూ తినాలంటారు కొందరు. తొడ కండరం లోపల నెత్తురు గడ్డకట్టిన మనిషికి గట్టిపడటం అనేది జరగదు, మానడమే జరగాలి. నలభై దాటినవాళ్లలో ఆ మానడానికి పట్టే సమయం ఎక్కువ. నేను ఈ విషయంలో రాజీ పడను.

తలకు దెబ్బ తగిలితే ఏం చేయాలన్నది కూడా ముందే రాసి గోడకు అంటించాను. స్పృహ తప్పినా, తల తిరిగినా, చూపు మసకబారినా, అడిగిన ప్రశ్నకు తడబడినా ఆ రోజుకు ఇక ఫైట్ లేదు. ఆ నిర్ణయం అభ్యర్థిది కాదు, బయట నిలబడి చూస్తున్నవాళ్లది.

కటాకు వేరే పద్ధతి. ఒక్కో కటాను ఇరవైసార్లు వరుసగా చేయడం ఆయనకు అలవాటు. అలా చేస్తే సాధనలో బాగా కుదురుతుంది, పరీక్షలో పేరు పిలిచిన మరుక్షణం మొదటి అడుగు ఏదో గుర్తురాదు. 1979లో షే, మోర్గన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో ఇదే తేలింది. కలగాపులగంగా సాధన చేసినవాళ్లు సాధన సమయంలో వెనకబడ్డారు, తర్వాత పరీక్షించినప్పుడు ముందున్నారు. మేం కటా పేర్లు చీటీల మీద రాసి గిన్నెలో వేశాం. ముప్పై స్క్వాట్స్, చీటీ తీయడం, వచ్చిన కటా ఒక్కసారే చేయడం, మళ్లీ స్క్వాట్స్. మొదటి పది రోజులూ ఆయన కటాలు చూడటానికి బాధగా ఉండేవి. ఎనిమిదో వారానికి నిలదొక్కుకున్నాయి.

ఏడో వారంలో తొడ దెబ్బ

పూర్తి బలం రోజున ఎడమ తొడ ముందు భాగంలో ఒక లో కిక్ బాగా లోతుగా దిగింది. ఫైట్ ఆపేశాం. మోకాలు వంచితే తొంభై డిగ్రీలు కూడా రావడం లేదు. ఇలాంటప్పుడు మొదటి గంట చాలా ముఖ్యం. కాలు చాపి పడుకోబెట్టడం సహజంగా తోచే పని, చేయకూడని పని. నొప్పి భరించగలిగినంత మేర మోకాలిని 120 డిగ్రీల దాకా మెల్లగా వంచి, ఎలాస్టిక్ బ్యాండేజ్‌తో ఆ వంపులోనే కట్టి, మీద ఐస్ పెట్టాలి. కండరం సాగి ఉన్న స్థితిలో ఉంటే లోపల నెత్తురు చేరడానికి చోటు తగ్గుతుంది, తర్వాత మోకాలు వంగడమూ త్వరగా తిరిగొస్తుంది. అలాగే చేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆ కట్టును డాక్టర్ చెప్పినట్టు మర్నాటిదాకా ఉంచి విప్పాం.

డోజోలో ఒక సీనియర్ ప్రేమగానే గట్టిగా మర్దన చేయబోతే వారించాను. మొదటి రోజుల్లో మర్దన, వేడి కాపడం రెండూ వద్దు. లోపలి నెత్తుటి గడ్డను అలా కెలికితే, కండరంలోనే ఎముక లాంటి గట్టి ముద్ద ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. అది వస్తే నెలల తరబడి బాధ. నొప్పి తగ్గకుండా గంట గంటకూ పెరిగినా, పాదంలో తిమ్మిరి వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలని ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి పంపాను.

పది రోజులు ఆ కాలికి దెబ్బ తగలనివ్వలేదు. ఈలోపు కూర్చుని పంచ్‌లు, సాంచిన్ శ్వాస, కుడికాలి పని. అనుకున్న పూర్తి నమూనా పరీక్ష రద్దయింది. పరీక్షను వాయిదా వేసుకోమన్న సలహాలు వచ్చాయి. నేను చూసింది మోకాలి వంపును: రెండు కాళ్లూ సమానంగా వంగి, ఒంటికాలి స్క్వాట్ నొప్పి లేకుండా వస్తే కొనసాగిద్దాం, లేకపోతే వాయిదా. పదకొండో రోజుకు వచ్చింది.

చివరి రెండు వారాలు

సాధన పరిమాణాన్ని సగానికి తగ్గించాను, వేగాన్ని తగ్గించలేదు. 2007లో బోస్కే బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి చెప్పింది కూడా దాదాపు ఇదే: రెండు వారాలపాటు పరిమాణం 41 నుంచి 60 శాతం తగ్గించి, తీవ్రతను అలాగే ఉంచితే ఫలితం బాగుంటుంది. ఆ అధ్యయనాలు ఈత, పరుగు, సైకిల్ వంటివాటి మీద చేసినవి. కరాటేకు అతికినట్టు సరిపోతాయని అనను, కానీ అలసట తీరే పద్ధతి మనిషి ఒంట్లో ఒకటే.

అభ్యర్థికి ఇది కష్టంగా గడిచే కాలం. “మాస్టర్, ఏం చేయకుండా ఉంటే ఒళ్లు మొద్దుబారినట్టుంది, ఇంకోసారి పదీ చేసి చూసుకుంటాను” అని రెండు మూడుసార్లు అడిగారు. “మీరు నిరూపించుకోవాల్సింది ఆ రోజున. ఇప్పుడు చేసేది ఆ రోజు శక్తిలోంచి తీసి వాడుకోవడమే” అన్నాను. రోజూ అరగంట ముందే పడుకోమన్నాను. అది బాగా కలిసొచ్చింది.

పరీక్ష రోజు

మూడు గంటల ముందు తేలిగ్గా అరిగే భోజనం, శరీర బరువులో కిలోకు రెండు గ్రాముల దాకా పిండిపదార్థాలు, కొవ్వు తక్కువ. కొత్త పదార్థం ఏదీ వద్దు. నీళ్లు కొంచెం కొంచెంగా. గోళ్లు కత్తిరించుకోవడం, మౌత్ గార్డ్, గ్రాయిన్ గార్డ్, రెండో జత గీ పైతొడుగు. చెమటకు తడిసి బరువెక్కిన గీతో కుమితే చేయడం కంటే, అనుమతి ఉంటే మార్చుకోవడం మంచిది.

కిహోన్ చాలా బాగా జరిగింది. ‘ష్’ చప్పుడు నేను కూర్చున్న చోటికి వినిపించింది. ఇదో గేకోలో మూడో వరుసకు పాత అలవాటు తిరిగొచ్చి లోతుగా దిగారు, తర్వాత వరుసకు తనే సర్దుకున్నారు. సైఫా మాత్రం పేలవంగా వచ్చింది. తిరిగి ఒంటికాలి మీద నిలబడే చోట ఎడమ తొడ ఇంకా పూర్తిగా సహకరించలేదు, ఎగ్జామినర్లు అది రాసుకున్నారు.

కుమితేలో మొదటి మూడు ఫైట్లు చూసేవాళ్లకు చప్పగా అనిపించి ఉంటాయి. తిరిగారు, ఆపారు, లెక్కగా కొట్టారు. నాలుగో ప్రత్యర్థి బాగా బరువైనవాడు, నేరుగా నెట్టుకొచ్చాడు. ఆయన ప్రతిసారీ కోణం మార్చి పక్కకు తప్పుకున్నారు. ఐదో ఫైట్ మొదలైనప్పుడు హాల్లో నాకు ఆందోళనగానే ఉంది. తొంభై సెకన్లూ గార్డ్ గడ్డం దగ్గరే నిలిచింది.

అసలు పరీక్ష ఆరులో వచ్చింది. ఒక మాయె గెరి (నేరుగా ముందుకు కొట్టే కిక్) పొట్ట మధ్యలో దిగి ఊపిరి అందకుండా చేసింది. అలాంటప్పుడు మనిషి గాలి కోసం తల పైకెత్తుతాడు, చేతులు కిందికి పోతాయి. ఆయన మోచేతులు పక్కటెముకలకు అదిమి, తల దించి, మిగిలిన గాలిని నెమ్మదిగా వదులుతూ గోడవైపు కాకుండా హాల్ మధ్యకు తిరిగారు. పొట్ట మీద దెబ్బకు పట్టేసిన డయాఫ్రమ్ పీల్చాలని పెనుగులాడితే ఇంకా బిగుస్తుంది, వదిలితే సడలుతుంది. పది పన్నెండు సెకన్లు నిలబడ్డాక ఒక లో కిక్ తిరిగి ఇచ్చారు. ఆ పది సెకన్లే ఆయన్ను నెగ్గించాయని నా నమ్మకం.

ఎనిమిది, తొమ్మిది ఫైట్లలో బాగా దెబ్బలు తిన్నారు. పదో ఫైట్‌కు పిలవగానే ‘ఓస్’ అన్న గొంతు మొదటి ఫైట్‌లో కంటే పెద్దగా వినపడింది. చివరి ముప్పై సెకన్లకు నేను ముందే అనుమతి ఇచ్చి ఉంచాను, ఉన్నదంతా వాడుకోమని. వాడుకున్నారు.

ఫలితం: ఉత్తీర్ణత. కిహోన్, కుమితేలకు మంచి మార్కులు, కటాకు సామాన్యం.

తర్వాత

వందల స్క్వాట్స్, దాని మీద తొడలకు దెబ్బలు. ఇలాంటి రోజు తర్వాత రెండు మూడు రోజులు మూత్రం రంగు చూసుకోవడం తప్పనిసరి. ముదురు గోధుమ రంగులో వస్తే, కండరాలు విపరీతంగా వాచి నొప్పెడితే, చితికిన కండరాల నుంచి వెలువడే మయోగ్లోబిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తున్నట్టు అనుమానించి ఆసుపత్రికి వెళ్లాలి, ఇంట్లో నీళ్లు తాగి సరిపెట్టుకోకూడదు. ఆయనకు అలాంటిదేమీ రాలేదు. తొడలు, పక్కటెముకల దగ్గర కమిలిన మచ్చలు తగ్గడానికి రెండు వారాలు పట్టింది. మోకాలి నొప్పి పరీక్ష తర్వాత వారం రోజులు నాలుగుకు పెరిగి, మళ్లీ రెండుకు దిగింది. గోడ వ్యాయామం ఇప్పటికీ కొనసాగుతోంది.

ఈ కేసు నుంచి ఎక్కువ లాగకూడదని కూడా చెప్పాలి. ఆయనకు అప్పటికే ఒక పరీక్ష అనుభవం ఉంది, ఏడాది పరుగుతో వచ్చిన గుండె బలం ఉంది. అవి లేని అభ్యర్థికి పన్నెండు వారాలు చాలవు. మూడు రకాల నమూనా పరీక్షల్లో, ఏ అలసటా లేకుండా కూడా పది ఫైట్లు పూర్తిచేయలేని మనిషి అయితే నిజంగానే గుండె, ఊపిరితిత్తుల బలం మీద పనిచేయాలి, ఆ పనికి ఆర్నెల్లు కావాలి. ఇప్పుడు నా దగ్గర తయారవుతున్న ఇద్దరు బ్రౌన్ బెల్టుల్లో ఒకరిది సరిగ్గా అలాంటి కేసు. ఆమెకు కిహోన్‌లో గుండె 120 దాటదు, విడిగా పెట్టిన ఫైట్లలోనే ఆరు దగ్గర ఆగిపోతున్నారు. ఆమెకు సైకిల్, ఎత్తు ఎక్కడం, వారానికి రెండుసార్లు మధ్యమధ్య విరామంతో నాలుగేసి నిమిషాల తీవ్ర సాధన రాశాను. స్పారింగ్ పనులు మాత్రం ఆయనవే, మార్పు లేకుండా వాడుతున్నాను. రెండో అభ్యర్థికి విడి పరీక్షలు వచ్చే వారం మొదలవుతాయి.